విందులో పిల్లల చేతి దొప్ప: పెద్దల బాధ్యత, చట్టం

భద్రాచలం దాటి ఉత్తరంగా వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం వస్తుంది. అక్కడ పెళ్లికైనా, జాతరకైనా ఇప్పసారా, జీలుగు కల్లు, బియ్యాన్ని పులియబెట్టి చేసే లందా ఉంటాయి. జీలుగు కల్లును అక్కడివారు సల్ఫీ అంటారు. దేవతకు సాక పోసిన తర్వాతే దొప్పల్లో పంచుకుంటారు. ఈ ఆచారాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. అయితే ఒక విషయం గమనించండి. ఇక్కడ పిల్లలకు మొదటి దొప్ప దుకాణం నుంచి కాక, తరచుగా అయినవారి చేతి నుంచే అందుతుంది. అందుకే నివారణ కూడా ఆ చేతి దగ్గరే మొదలుకావాలి.

పానీయంలో ఏముంది?

తెల్లవారుజామున దించిన జీలుగు కల్లు తీయగా ఉంటుంది. ఈస్టు అనే సూక్ష్మజీవులు అందులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తూ ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ ఘాటు పెరుగుతుంది. కనుక ఉదయం దొప్పెడూ సాయంత్రం దొప్పెడూ ఒకటి కావు.

ఇప్పసారా ఇంకా తీవ్రమైనది. పులిసిన ఇప్పపువ్వును కాచి, ఆవిరిని చల్లార్చి దీన్ని దించుతారు. ఆల్కహాలు సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుచేత ముందుగా దిగే సారాలో ఆల్కహాలు ఎక్కువ. ఇంటి సారా సీసా మీద ఆ శాతం రాసి ఉండదు.

పిల్లలకు ఎందుకు ఎక్కువ ప్రమాదం?

బరువు తక్కువ కాబట్టి అదే దొప్పెడు పిల్లల రక్తంలో ఎక్కువ గాఢతకు చేరుతుంది. కాలేయం ఆల్కహాలును విరగగొట్టే పనిలో ఉంటే రక్తానికి చక్కెర అందించే పని కుంటుపడుతుంది. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లలు స్పృహ తప్పవచ్చు. మంచిచెడులు బేరీజు వేసే మెదడు ముందుభాగం సుమారు 25 ఏళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది.

చట్టం ఏమంటోంది?

ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీలు తమ సొంత వాడకానికి పరిమితంగా సారా కాచుకోవచ్చు. ఈ మినహాయింపు పిల్లలకు పోయడానికి అనుమతి కాదు. బాలల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుడి ఆదేశం లేకుండా 18 ఏళ్లు నిండనివారికి మద్యం ఇచ్చినా, ఇప్పించినా 7 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇచ్చినది మేనమామా, దుకాణదారా అన్న తేడా లేదు. మద్యం మోయడానికి, అమ్మడానికి పిల్లలను వాడుకుంటే 78వ సెక్షన్ కింద ఇవే శిక్షలు. “సంతకు పోయి సీసా పట్టుకురా” అని పిల్లవాణ్ణి పంపే ముందు ఇది గుర్తుంచుకోండి.

మీరు ఏమి చేయవచ్చు?

విందులో కల్లుకుండ దగ్గర బాధ్యతగల పెద్దవారిని కూర్చోబెట్టండి. సాక పెద్దలే పోయాలి. పిల్లలకు ముందుగా భోజనం పెట్టండి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మద్యాన్ని నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు కూడా చెందేలా చేసింది. కనుక ఊరే కట్టుబాటు చేసుకోవచ్చు.

ఎవరైనా తాగి స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బలవంతంగా వాంతి చేయించకండి. ఒంటరిగా వదలకుండా 108కి ఫోను చేయండి. కేసు అవుతుందన్న భయంతో ఆలస్యం చేస్తే ప్రాణమే పోవచ్చు.

ఆచారం నిలవడానికి పిల్లల చేతిలో దొప్ప అక్కరలేదు. వద్దని చెప్పగల పెద్దవారు ప్రతి విందులోనూ ఒక్కరైనా ఉండాలి.