విమాన దూరం: పటం మీది గీత, గ్లోబు మీది దారం

విషయ పరిచయం

హైదరాబాదు నుంచి షికాగోకు దూరం ఎంత? గోడ పటం మీద స్కేలు పెట్టి ఈ రెండు నగరాలనూ కలపండి. గీత అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పడమరకు పోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య నేరుగా విమాన సర్వీసు ప్రారంభించింది. అయితే షికాగోకు దగ్గరి దారి పడమరగా కాదు, దాదాపు ఉత్తరంగా మొదలవుతుంది. కారణం ఏమిటో ఈ భాగంలో చూద్దాం.

పటం ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది?

భూమి గుండ్రనిది, పటం చదునైనది. 1569లో మెర్కేటర్ రూపొందించిన పటంలో రేఖాంశాలు సమాంతరంగా ఉంటాయి. వాస్తవానికి అవి ధ్రువాల వద్ద కలుస్తాయి. దిక్సూచి చూపే ఒకే దిశలో సాగే దారి ఈ పటం మీద సరళరేఖగా కనిపిస్తుంది. నావికులకు అది ఎంతో ఉపయోగపడింది. కాని సరళరేఖగా కనిపించినంత మాత్రాన అది దగ్గరి దారి కాదు. మీరు గీసిన గీత వెంట వెళితే సుమారు 16,100 కి.మీ. అవుతుంది.

మహావృత్తం

ఇప్పుడు గ్లోబు మీద రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. అది మధ్య ఆసియా, రష్యా, ఆర్కిటిక్ సముద్రం, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా షికాగో చేరుతుంది. భూకేంద్రం గుండా పోయే తలం భూమి ఉపరితలాన్ని ఖండించినప్పుడు ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం ఈ వృత్తం వెంటే ఉంటుంది.

లెక్క మీరే చేయండి. హైదరాబాదు సుమారు 17° ఉత్తర అక్షాంశం, 78° తూర్పు రేఖాంశం. షికాగో 42° ఉత్తర అక్షాంశం, 88° పశ్చిమ రేఖాంశం. రేఖాంశాల తేడా 166°, అంటే 180°కి దగ్గర. కాబట్టి ఉత్తర ధ్రువం మీదుగా వెళ్ళినట్లు అనుకుందాం. హైదరాబాదు నుంచి ధ్రువానికి 73°, అక్కడి నుంచి షికాగోకు 48°, మొత్తం 121°. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 13,431 కి.మీ. వస్తుంది. అసలు మహావృత్త దూరం సుమారు 13,280 కి.మీ. స్కేలు గీతతో పోలిస్తే దాదాపు 2,800 కి.మీ. తక్కువ!

లెక్కకూ ప్రయాణానికీ తేడా

విమానం ప్రతిసారీ ఈ దారినే పట్టదు. 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహాలు ఎదురైతే ఇంధన ఖర్చు పెరుగుతుంది, వెనుక నుంచి వీస్తే తగ్గుతుంది. దేశాల మధ్య సంబంధాలు కూడా దారిని మారుస్తాయి. 2019 ఫిబ్రవరి నుంచి జూలై వరకు పాకిస్తాన్ తన గగనతలంపై ఆంక్షలు విధించడంతో మన విమానాలు చుట్టుదారి పట్టాయి. జూలై 2 నాటికి ఎయిర్ ఇండియాకు రూ.491 కోట్ల నష్టం వచ్చిందని కేంద్ర మంత్రి రాజ్యసభకు తెలిపారు.

కాబట్టి ‘దూరం ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు అది ఏ దారి వెంట లెక్కించిన దూరమో తప్పక పేర్కొనండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

60° ఉత్తర అక్షాంశం మీద రెండు ప్రదేశాల మధ్య రేఖాంశాల తేడా 180°. ఆ అక్షాంశం వెంట వాటి మధ్య దూరం సుమారు 10,000 కి.మీ. ధ్రువం మీదుగా ఎంత?

జవాబు: 30° + 30° = 60°; 60 × 111 = 6,660 కి.మీ.