బోరు లెక్క చూచి రబీ పైరు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు రైతు సోదరులకు బోరు సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఒకటి ఎండిన ప్రక్కన మరియొకటి. అదియు ఎండిన, అప్పు చేసి మూడవది. మన నేల అడుగున చాలచోట్ల ఉన్నది, బడిపిల్లల పలకలకు పేరుపొందిన ఆ రాయియే. అందులో నీరు పగుళ్లలో మాత్రమే నిలుచును. ఒకే పగులుపై నాలుగు బోర్లు వేసినచో, నాలుగును ఒకే కుండలోని నీటిని తోడుచున్నవన్నమాట.

కుండలో ఎంత ఉన్నదో ముందే కొలచు పద్ధతిని రైతులే చేసి చూపిరి. 2003లో ప్రారంభమై, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడచిన భూగర్భ జలాల పథకములో ప్రకాశం సహా ఏడు కరువు జిల్లాల రైతులు పాల్గొనిరి. స్త్రీలును పురుషులును వాన కొలచిరి. పదునైదు దినములకొకసారి బావుల నీటిమట్టము చూచి అందరికి కనబడునట్లు వ్రాసిరి. నైరుతి వానలు ముగిసిన పిమ్మట ఒకచోట కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని లెక్క కట్టిరి. ఫలానా పైరు వేయవద్దని ఎవరిని నిర్బంధింపలేదు. లెక్క చూచి ఎవరికి వారే తేల్చుకొనిరి.

మీ పొలములోనే ఈ లెక్క వేసి చూడుడు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకండ్లలో నిండినచో మీ బోరు సెకండుకు 2 లీటర్లు పోయుచున్నది. దినమునకు 9 గంటలు నడచిన 64,800 లీటర్లు. నూరు దినములకు సుమారు 65 లక్షల లీటర్లు. ఎకరము వరికి 1,200 మిల్లీమీటర్ల చొప్పున 48 లక్షల లీటర్లకు పైగా కావలెను. వేరుశనగకు 450 మిల్లీమీటర్లనుకొన్నచో 18 లక్షలు చాలును. అనగా అదే బోరు క్రింద వరి ఎకరమున్నర కూడ పండదు, వేరుశనగ మూడున్నర ఎకరములు పండును. అదియు బోరు చివరివరకు అంతే పోసినప్పుడు! అక్టోబరులో కొలచిన ధార ఫిబ్రవరిలో ఉండదు. కావున లెక్కలో కొంత తగ్గించుకొనుడు. పాలుపోసుకొను సమయమున నీరందని వరి గడ్డికే పనికివచ్చును.

నేడు భూగర్భ జల శాఖవారి పరిశీలక బోర్లలో స్వయంచాలక పరికరములు నీటిమట్టమును నమోదు చేయుచున్నవి. ఆ అంకెలు ఫోనులోనే చూడవచ్చును. గ్రామాధికారులు వానిని పంచాయతీ గోడమీద వ్రాయించిన మేలు. అయితే ఆ బోరు మీ పొలమునకు దూరముగా ఉండవచ్చును, మీ పగులు వేరు కావచ్చును. అందుచేత సొంత కొలత తప్పదు. అడిగినప్పుడు తమ బోరు ధారను ఎక్కువచేసి చెప్పువారిని చూచియున్నాను. పరువు కొరకు ఎక్కువచేసిన లీటరు మార్చిలో పైరుమీదికి వచ్చును.

రాత్రి మోటారు ఆపి, తెల్లవారి మరల వేయకముందు మట్టము కొలవుడు. తేదీతో సహా ఆ అంకెను షెడ్డు తలుపుపై సుద్దతో వ్రాయుడు. పదునైదు దినముల తరువాత దాని క్రిందనే రెండవది.