జబ్బు ఏ వాడను ఎక్కువ పట్టుకుంటుంది?

వానకాలం వస్తుంది. వాగులు నిండుతాయి. గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. దోమలు పెరుగుతాయి. జరాలు మొదలవుతాయి.

జరం అందరికీ వస్తుంది. కానీ అందరికీ ఒక్క తీరుగా రాదు. ఊరి నడుమ ఒకటి రెండు ఇండ్లకు వస్తే, ఊరి చివరి వాడలో ఇంటింటికీ వస్తుంది. ఎందుకు? "కర్మ" అంటారు కొందరు. "అమ్మవారి కోపం" అంటారు ఇంకొందరు. "వాళ్లకు శుభ్రం లేదు" అని తప్పు వాళ్ల మీదనే వేసేవారూ ఉన్నారు. అసలు కారణం తెలుసుకునే దారి ఒకటుంది. అదే పటం గీయడం.

లండన్‌లో ఏం జరిగింది?

1854లో లండన్ నగరంలో కలరా వచ్చింది. ఒక్క పేటలోనే పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని అప్పట్లో అనుకునేవారు. జాన్ స్నో అనే డాక్టరు ఆ మాట నమ్మలేదు. ఏ ఇంట్లో ఎంతమంది చనిపోయారో లెక్క తీశాడు. ఎక్కువ చావులు ఒక బోరింగు చుట్టుపక్కలనే ఉన్నాయి. ఆ సంగతి ఊరి పెద్దలకు చెప్పాడు. వారు బోరింగు పిడి తీసేయించారు. తరువాత ఆ చావులన్నీ పటం మీద గీతలుగా పెట్టి లోకానికి చూపించాడు. తప్పు గాలిది కాదు, నీళ్లది.

మన జిల్లాల సంగతి

పాత ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలైంది. పాత కరీంనగర్ కూడా ముక్కలైంది. ఉట్నూరు వైపు గోండులు, కొలాముల గూడేలు అడవిలో దూరదూరంగా ఉంటాయి. వాన పడితే వాగు దాటడం కష్టం. నొప్పులు పడుతున్న ఆడమనిషిని మంచం మీద మోసుకుపోయిన రోజులున్నాయి. కరీంనగర్ పట్నంలో ఆ బాధ లేదు. జరం ఒక్కటే అయినా, దవాఖాన దూరం ఒక్కటి కాదు.

నెత్తురు తక్కువ కావడం ఆడవాళ్లకు పెద్ద జబ్బు. 2019-20లో సర్కారు సర్వే చేసింది. తెలంగాణలో 100 మంది ఆడవాళ్లలో 57 మందికి పైగా నెత్తురు తక్కువ ఉందని తేలింది. గర్భిణులకు ఈ బాధ ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను 2022లో సర్కారు ఎంచుకుంది. అక్కడి గర్భిణులకు పోషకాహార పొడి, ఖర్జూరం, నెయ్యి, ఐరన్ టానిక్కు ఉన్న కిట్లు ఇచ్చింది. మిగతా జిల్లాలకు 2023లో ఇచ్చింది. ఆ తొమ్మిదిలో ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ ఉన్నాయి. జయశంకర్ భూపాలపల్లి కూడా ఉంది. పాత కరీంనగర్‌లోని కాటారం, మహదేవపూర్ ఇప్పుడు ఆ జిల్లాలోనివే. అడవి అంచున ఉన్న ఊర్లు అవి.

నెత్తురు ఎందుకు తగ్గుతుంది? తిండి చాలకపోతే తగ్గుతుంది. మలేరియా వస్తే తగ్గుతుంది. చెప్పుల్లేని కాళ్ల నుంచి నులిపురుగులు ఒంట్లో చేరినా తగ్గుతుంది. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంట కాన్పులు కూడా కారణాలే. వీటన్నిటి వెనుక పేదరికం ఉంది.

ముగ్గుతో పటం

జిల్లా పటంలో వాడ కనబడదు. అందుకే ఊరి పటం ఊరివాళ్లే గీయాలి. దానికి కాగితం కూడా అక్కరలేదు. వాకిలి ఊడ్చి ముగ్గు తీసుకోండి.

ముందు బాటలు, వాగు గీయండి. తరువాత ఇండ్లు పెట్టండి. బాయి, బోరింగు, నల్లా, మురికి కాలువ, అంగన్‌వాడీ ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. ఈ ఏడు జరం వచ్చిన ఇంటి మీద చింతగింజ పెట్టండి. నెత్తురు తక్కువ ఉన్న ఇంటి మీద కందిగింజ పెట్టండి. బీడీలు చేసే ఇండ్లలో తంబాకు దుమ్ముతో దగ్గు ఉంటే చిన్న రాయి పెట్టండి.

రెండు జాగ్రత్తలు. చివరి వాడ ఆడవాళ్లు లేకుండా పటం గీయవద్దు. వాళ్లు లేకుంటే వాళ్ల ఇండ్లే పటంలో పడవు. ఎవరికి ఏ జబ్బుందో పేరు పెట్టి అరవవద్దు. గింజ చాలు.

ఇప్పుడు చూడండి. గింజలు ఎక్కడ కుప్పపడ్డాయి? అక్కడికి నల్లా నీళ్లు వస్తున్నాయా? ఊరి మురికి నీళ్లు ఎటు పారుతున్నాయి? దోమకు కులం తెలియదు. కానీ నల్లా ఎటు వేయాలో, కాలువ ఎటు తవ్వాలో మనుషులే నిర్ణయిస్తారు.

ముగ్గు గాలికి పోతుంది. కాబట్టి పటాన్ని కాగితం మీద ఎక్కించండి. తేదీ రాయండి. గింజల లెక్క రాయండి. ఏం కావాలో కింద రాసి సంతకాలు పెట్టండి. గ్రామసభలో ఇచ్చి, ముట్టినట్టు రాయించుకోండి. నోటి మాట మరిచిపోవచ్చు. రాసిన లెక్కను కాదనడం కష్టం.

మాట్లాడుకోండి

1. మీ ఊర్లో జరాలు ఏ వాడలో ఎక్కువ?
2. ఆ వాడకు మంచినీళ్లు ఎంత దూరం?
3. మీ సంఘం గీసే పటంలో మొదట ఏ గుర్తు పెడతారు?