ఈస్టులపై అజోల్ మందుల పరీక్ష: ప్రామాణిక పద్ధతి ఆవశ్యకత

సింహాద్రిపురం, పులివెందుల ప్రాంతాల అరటి రైతులకు సిగటోకా ఆకుమచ్చ తెగులు కొత్తది కాదు. దాని నివారణకు పిచికారీ చేసే ప్రోపికొనజోల్, ఆసుపత్రులలో కాండిడా ఈస్టు వ్యాధులకు వాడే ఫ్లుకొనజోల్ రెండూ అజోల్ వర్గానివే. శిలీంధ్ర కణత్వచానికి అవసరమైన ఎర్గోస్టెరాల్ తయారీలో రెండూ ఒకే ఎంజైమును అడ్డుకొంటాయి. కనుక తోటలలో సహజంగా నివసించే ఈస్టులు ఈ మందులకు లొంగుతున్నవా, లేదా అన్నది వైద్యులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఉత్తర భారతంలో నిల్వ ఉంచిన ఆపిల్ పండ్లపై కాండిడా ఆరిస్ కనిపించినట్లు 2022లో పరిశోధన వెలువడింది.

వ్యవసాయ ప్రయోగశాలలలో శిలీంధ్రనాశినుల పరీక్షకు బాగా అలవాటైనది విషాహార పద్ధతి. పొటాటో డెక్స్ట్రోజ్ అగార్‌లో మందు కలిపి, బూజు పెరుగుదల వ్యాసాన్ని కొలుస్తారు. దారాలుగా విస్తరించే శిలీంధ్రాలకు ఇది సరిపోతుంది. మొగ్గ తొడిగి వృద్ధిచెందే ఈస్టులకు వ్యాసం కొలిచి ప్రయోజనం లేదు.

ఈస్టులకు ద్రవ మాధ్యమంలో కనిష్ఠ నిరోధక గాఢతను నిర్ణయించాలి. నేడు సి.ఎల్.ఎస్.ఐ.గా వ్యవహరించే అమెరికా సంస్థ ఇందుకు 1997లో ఎం27-ఎ ప్రమాణాన్ని వెలువరించింది. ఆర్.పి.ఎం.ఐ. 1640 మాధ్యమం, ఉదజని సూచిక 7.0, ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్, మిల్లీలీటరుకు 500 నుండి 2,500 కణాలు అందులోని ముఖ్య నియమాలు. ఐరోపా సంస్థ యూకాస్ట్ పద్ధతిలో కణాల సంఖ్య దీనికి నూరు రెట్లు. గ్లూకోజు 2 శాతం. అందువలన ఏ పద్ధతో చెప్పని అంకెకు విలువ లేదు.

ఫలితాన్ని చదవడంలోనే చిక్కు ఎక్కువ. అజోల్ మందులు ఈస్టును చంపవు, పెరుగుదలను ఆపుతాయి. కొన్ని ఈస్టులు ఎక్కువ గాఢతలో కూడా మసకగా పెరుగుతూనే ఉంటాయి. పూర్తిగా తేటపడిన గుంటకోసం వెదికితే లొంగే ఈస్టు సైతం నిరోధకమైనదిగా నమోదవుతుంది. కనుక మందులేని గుంటతో పోల్చి పెరుగుదల సగానికి తగ్గిన గాఢతనే గ్రహించాలి. 24 గంటలకు చూచినదీ, 48 గంటలకు చూచినదీ ఒకే పట్టికలో చేర్చరాదు.

మన విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో మరొక లోపం తరచు కనిపిస్తుంది. 25 శాతం ఇ.సి. ప్రోపికొనజోల్ లీటరు నీటికి ఒక మిల్లీలీటరు కలిపితే అసలు మందు సుమారు 250 మిల్లీగ్రాములే. దానిని 1,000 పి.పి.ఎం.గా వ్రాస్తే పోలిక నాలుగింతలు తప్పుతుంది. పైగా వాణిజ్య మందులోని ద్రావకాలు సైతం ఈస్టును అణచగలవు. పరీక్షకు శుద్ధ రసాయనాన్నే వాడాలి.

ప్రతి పరీక్షలోను ఏ.టి.సి.సి. 22019 (కాండిడా పారాప్సిలోసిస్), ఏ.టి.సి.సి. 6258 (కాండిడా క్రూసీ) ప్రామాణిక జాతులను ప్రక్కనే పెంచాలి. వాటి విలువలు నిర్ణీత పరిధి దాటితే ఆనాటి ఫలితాలన్నీ విడిచిపెట్టవలసిందే. పండ్ల పులియబెట్టడంలో కనిపించే పిచియా కుద్రియావ్‌జెవీ, ఈ క్రూసీ రెండూ ఒకే జాతి. దానికి ఫ్లుకొనజోల్ నిరోధకత సహజంగానే ఉన్నది. తోటలో అది దొరికినంత మాత్రాన పిచికారీ మందును నిందించడానికి వీలులేదు.