గాలి కూల్చిందా, నీరు ముంచిందా?

మిసిసిపీ రాష్ట్రంలోని పాస్కగూలాలో సముద్రానికి రెండు వందల గజాల లోపే ఒక ఇల్లు ఉండేది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం దాటినప్పుడు సముద్ర మట్టానికి 17 అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన ఆ వీధి మీదికి వచ్చింది. కింది అంతస్తులో ఐదడుగుల ఎత్తున నీళ్లు నిలిచాయి. గోడలు, నేల, సామాన్లు అన్నీ పాడయ్యాయి. పై అంతస్తు చెక్కుచెదరలేదు. గాలి చేసిన పని కూడా కొంత కనిపించింది: పైకప్పు పెంకులు విరిగాయి, గ్యారేజీ తలుపులు దెబ్బతిన్నాయి, ఒక కిటికీకి గోల్ఫ్ బంతి పట్టేంత చిల్లు పడింది. యజమాని లెక్కలో నష్టం 1,30,000 డాలర్ల పైమాటే. బీమా కంపెనీ పంపిన చెక్కు 1,661 డాలర్లు. మిగతాదంతా నీటి వల్ల జరిగిందని, ఆ పాలసీ నీటికి వర్తించదని చెప్పింది. కోర్టుకెక్కితే 2006లో మరో 1,228 డాలర్లు వచ్చాయి.

ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1927లో మిసిసిపీ నది వరదల తర్వాత అమెరికా ప్రైవేటు కంపెనీలు వరద బీమా నుంచి దాదాపుగా తప్పుకున్నాయి. 1968లో కేంద్ర ప్రభుత్వమే ఆ బాధ్యత తీసుకుంది. ఇంటి కట్టడానికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకు లక్ష ఇస్తుంది. అలా ఒకే ఇంటికి గాలికొకటి, నీటికొకటి రెండు పాలసీలు అవసరమయ్యాయి. తుపాను మాత్రం గాలినీ నీటినీ కలిపే తెస్తుంది. దీనికి తోడు కంపెనీలు పాలసీలో ఒక షరతు చేర్చాయి: వరద పాత్ర ఉన్న నష్టానికి వేరే కారణం ఏది తోడైనా, ఏది ముందు ఏది వెనక అన్నదానితో నిమిత్తం లేకుండా, డబ్బు ఇవ్వం. వరద పాలసీ లేని ఇంటివాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు.

నా అభ్యంతరం ఈ షరతు మీదే. కత్రినా తర్వాత మిసిసిపీ తీరంలో ఎన్నో ఇళ్ల స్థలాల్లో కాంక్రీటు పునాది తప్ప ఏమీ మిగల్లేదు. కప్పు గాలికి ముందే లేచిపోయిందా, ఉప్పెన వచ్చాక కొట్టుకుపోయిందా అన్నది ఆ పునాదిని చూసి ఎవరు చెప్పగలరు? సాక్ష్యమే కొట్టుకుపోయిన చోట, రుజువు చేయలేకపోయినవాడే నష్టపోతాడు. ఆ భారం షరతు రాసుకున్న కంపెనీ మీద ఉండాలి. 2009లో మిసిసిపీ సుప్రీంకోర్టు ఇదే దారి పట్టింది. గాలి ముందుగా చేసిన నష్టం ఆ క్షణంలోనే ఖాయమవుతుందని, తర్వాత వచ్చిన నీరు దాన్ని తుడిచేయలేదని, నష్టం నీటి వల్లే అనే కంపెనీ దాన్ని నిరూపించుకోవాలని చెప్పింది. ఇంకో సంగతి ఉంది. ప్రభుత్వ వరద పాలసీలను చాలావరకు ప్రైవేటు కంపెనీలే నడుపుతాయి. గాలి నష్టానికి కంపెనీ సొమ్ము పోతుంది, నీటి నష్టానికి ప్రభుత్వ సొమ్ము పోతుంది. ఏది ఎంతో తేల్చేది చాలాసార్లు ఆ కంపెనీ మనిషే. గాలికి పోయిన ఇంటిని వరద ఖాతాలో చూపించారని 2013లో ఒక జ్యూరీ తేల్చింది కూడా.

వరదకు ప్రీమియం వసూలు చేయనప్పుడు పరిహారం ఎందుకివ్వాలని కంపెనీలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. మునిగే చోట ఉన్నవాళ్లే వరద బీమా కొంటారు కాబట్టి అది గిట్టుబాటు కాదన్న మాటా నిజమే. పాస్కగూలా ఇంట్లో పై అంతస్తు చెక్కుచెదరలేదు గనుక నష్టంలో ఎక్కువ భాగం నీటిదేనన్న నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. నీటి నష్టానికి గాలి పాలసీ డబ్బివ్వాలని నేను అనడం లేదు. రెండూ కలిసిన చోట గాలి వాటాను కూడా ఎగ్గొట్టే వీలు ఉండకూడదంటున్నాను. వరద పాలసీ కొనుక్కోవచ్చు కదా అని ఇంకొందరంటారు. కానీ బ్యాంకు దాన్ని తప్పనిసరి చేసేది అధికారిక పటంలో వరద ప్రమాద ప్రాంతంగా గుర్తించిన చోటే. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో ఎక్కువ వాటికి వరద బీమా లేదు. వాటిలో ఎన్నో ఆ పటం గీతకు బయట ఉన్నవే. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఇళ్లు కొనుక్కున్న నగరం అది. పాలసీ కొన్నాక మామూలుగా 30 రోజులు ఆగితేగాని అమల్లోకి రాదు కాబట్టి, తుపాను హెచ్చరిక విన్నాక కొనాలనుకుంటే లాభం లేదు.

మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద రెండూ కలిసే ఉన్నాయి. ఈ విషయంలో మన పద్ధతే మేలు. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినట్టు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు, పాలసీ ఉన్నవాళ్లకు ఇక్కడ తగాదా నష్టం ఎంత అన్నదాని దగ్గర మొదలవుతుంది. నష్టాన్ని లెక్కగట్టే సర్వేయరు నివేదికే తుది మాట కాదని మన సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. కంపెనీకి రాసినా న్యాయం జరగకపోతే, 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ ఫీజు లేకుండా విచారిస్తారు. అక్కడ చూపించడానికి చేతిలో ఆధారం ఉండాలి. అందుకే బురద కడగడానికి ముందే గోడ మీద నీటి చార పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. తడిసిన ఫ్రిజ్, పరుపు, బీరువా పారేసే ముందు ఒక్కొక్కటిగా తీయండి. కప్పు ఎగిరి ఉంటే దాన్నీ విడిగా తీసి పెట్టుకోండి.