బూటు కూడా ఆయుధమేనా? అమెరికాలో జ్యూరీకి జడ్జి చెప్పే మాటే కీలకం

మనవాళ్ళ పిల్లలు అమెరికాలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ చిన్న గొడవ కూడా పెద్ద కేసు అయిపోవచ్చు. మన దేశంలో 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో జ్యూరీ పద్ధతి పోయింది కానీ అక్కడ జ్యూరీ ఇంకా ఉంది. దోషి అవునా కాదా అన్నది మామూలు పౌరులే తేలుస్తారు. చట్టం ఏమిటో వాళ్ళకు జడ్జి వివరిస్తారు.

మసాచుసెట్స్ రాష్ట్రాన్నే తీసుకోండి. మామూలుగా కొడితే గరిష్ఠ శిక్ష రెండున్నరేళ్ళు. అదే ‘ప్రమాదకర ఆయుధం’తో కొట్టాడని తేలితే పదేళ్ళ దాకా పడొచ్చు. మరి ఆయుధం అంటే ఏమిటి? కొన్నిరకాల కత్తులు, తుపాకీ సంగతి సరే, అవి పుట్టుకతోనే ఆయుధాలు. మిగతా వస్తువులను ఎలా వాడారన్నదే ముఖ్యం. బూటు కాలితో తన్నితే, తన్నిన తీరును బట్టి ఆ బూటే ఆయుధం కావచ్చు. 1975లో ఒక దోపిడీ కేసులో కుక్కను కూడా ఆయుధంగా లెక్కించారు! కానీ ఉత్త చేతులు, పళ్ళు మాత్రం ఆయుధాలు కావని 1980లో అక్కడి కోర్టు చెప్పింది.

జడ్జి ఈ తేడా సరిగా చెప్పకుండా “బూటు ఆయుధమే” అనేస్తే, జ్యూరీ తేల్చాల్సింది జడ్జే తేల్చేసినట్టు. అప్పీలుకు అది గట్టి కారణం. అయితే ఒక మెలిక ఉంది. విచారణలోనే లాయర్ లేచి అభ్యంతరం చెప్పి ఉండాలి. చెప్పకపోతే, న్యాయం తలకిందులైపోయే ప్రమాదం గట్టిగా కనిపిస్తే తప్ప పైకోర్టు తీర్పు మార్చదు. మారినా చాలాసార్లు విడుదల కాదు, మళ్ళీ విచారణే.