బేస్‌మెంట్‌లో పగడపు దిబ్బ

మా బేస్‌మెంట్‌లో ఉన్న ఉప్పునీటి ట్యాంకును చూసినవాళ్ళు మామూలుగా రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటిది "ఎంతయింది?" అని. దానికి నవ్వేసి ఊరుకుంటాను; పక్కన మా ఆవిడ ఉంటే నవ్వను కూడా నవ్వను. రెండోది "ఇండియా వెళ్ళినప్పుడు వీటినేం చేస్తారు?" అని. ఇదీ అసలు ప్రశ్న. ఆఫీసుకు పోయిన పది గంటలూ, నిద్రపోయిన ఏడు గంటలూ, ఎప్పుడో ఒకసారి ఊరెళ్ళిన నాలుగు వారాలూ లెక్కేస్తే ట్యాంకు దగ్గర మనిషి లేని సమయమే ఎక్కువ. ఆ సమయంలో నీళ్ళు మారకుండా చూసే ఏర్పాటునే ఇక్కడ ఫిష్ రూమ్ అంటారు. చేపలకు ప్రత్యేకంగా గదేమిటి అని వెక్కిరించేవాళ్ళ కోసమే ఈ వ్యాసం.

నిజానికి ఇందులో పెంచేది చేపలను కాదు, పగడాలను. పగడం చూడటానికి మొక్కలా ఉన్నా జంతువే. దాని కణాల్లో కంటికి ఆనని ఒక రకం నాచు కాపురముంటుంది. వెలుతురు పడితే ఆ నాచు ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది; పగడం దానికి ఇల్లూ ఎరువూ ఇస్తుంది. నీళ్ళు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. నాచు బయటికి పోతుంది, పగడం తెల్లబడిపోతుంది. 2023 వేసవిలో ఫ్లోరిడా తీరంలో పెద్ద ఎత్తున జరిగింది అదే.

కాకినాడ మిత్రుడొకాయన "మా బీచిలో ఇవేవీ కనపడవేమండీ?" అని అడిగారు. గోదావరీ కృష్ణా ఏటా మోసుకొచ్చే ఒండ్రుమట్టీ, మంచినీళ్ళూ ఉన్నచోట దిబ్బలు కట్టే పగడాలు నిలవవు. వాటికి కావలసింది తేటగా, ఎరువు పదార్థాలు దాదాపు లేకుండా, ఏడాది పొడుగునా పెద్దగా మారని నీళ్ళు. అందుకే మనకు దిబ్బలు లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో ఉన్నాయి కాని కోస్తా ఆంధ్రలో లేవు. (అన్నట్టు, అండమాన్ వెళ్ళినవాళ్ళు గుర్తుగా ఒక ముక్క సూట్‌కేసులో వేసుకోవద్దు. 2001 నుంచి అది మన వన్యప్రాణి చట్టం కింద నేరం.)

ఆ మారని నీళ్ళను ఇంట్లో తయారు చెయ్యాలి. వేడి 25-26 సెంటీగ్రేడ్ డిగ్రీలు. ఉప్పు లీటరుకు 35 గ్రాములు. కాల్షియం 420 పి.పి.ఎమ్., మెగ్నీషియం 1300 చుట్టుపక్కల. క్షారత్వం అన్న కొలత 8-9 డిగ్రీలు. ఈ అంకెలను బట్టీ పట్టడం కంటే, అవి ఊగిసలాడకుండా చూడటం ముఖ్యం. క్షారత్వం 8 ఉన్నా పగడానికి అభ్యంతరం లేదు, 9 ఉన్నా లేదు. ఇవాళ 8, ఎల్లుండి 11, మళ్ళీ సోమవారానికి 7 అంటే మాత్రం అంచులు మాడిపోతాయి.

మాది 120 గాలన్ల ట్యాంకు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఒక్క నీళ్ళే 450 కిలోలకు పైబడి ఉంటాయి. రాళ్ళు, గాజు, స్టాండు కలుపుకుంటే ఆరేడు వందల కిలోలు. చెక్కతో కట్టిన పై అంతస్తులో ఇంత బరువు పెట్టాలంటే ఇంజనీరును పిలవాలి. బేస్‌మెంట్ కాంక్రీటు నేలకు ఆ బెంగ లేదు. గోడకు ఇవతల ట్యాంకు, సోఫా. అవతల, ఫర్నేసు ఉన్న గదిలో, మిగతా సరంజామా అంతా: కింద సంప్ అనే రెండో తొట్టె, అందులో నురగతో మడ్డి తీసే స్కిమ్మర్, హీటర్లు, నీళ్ళను పైకి తోసే పంపు, పక్కన ఆర్.ఓ. ఫిల్టరు, రెండు పీపాలు, కొత్త చేపల కోసం ఒక చిన్న ట్యాంకు, ఒక సింకు. కుళాయి నీళ్ళలో ఉండే క్లోరమిన్, ఫాస్ఫేట్, రాగి పగడాలకు పడవు కాబట్టి ఆర్.ఓ. తప్పదు. ఉప్పు పొడి కలపడం, కొలవడం, ఒలకబోయడం అన్నీ ఆ గదిలోనే. ఇవతలి కార్పెట్ బతికిపోతుంది.

ఫ్యాను సంగతి అందరూ మర్చిపోతారు. ఇంత ట్యాంకు నుంచి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు ఆవిరవుతాయి. ఆ తేమ ఎక్కడికో పోవాలి కదా! పోకపోతే షీట్‌రాక్ గోడల్లో బూజు మొలుస్తుంది. తేమను బట్టి దానంతటదే తిరిగే బాత్‌రూమ్ ఫ్యాను ఒకటి బిగించి గాలిని బయటికి పంపితే చాలు. పగడాల మీద పెట్టే ఖర్చులో ఇదెంత?

నీళ్ళు సిద్ధమయ్యాక వెంటనే చేపలను వేయకూడదు. చేపల విసర్జనలో వచ్చే అమ్మోనియా విషం. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా రాళ్ళ సందుల్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సీసాల్లో అమ్మే బాక్టీరియా కొంత సాయం చేస్తుంది కాని, ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్న సామెత ఈ విద్యలో ఉన్నంత నిజంగా ఇంకెక్కడా ఉండదు. ప్రొడక్షన్ సర్వర్ పాడయితే నిన్నటి బ్యాకప్ ఎక్కిస్తాం. చచ్చిపోయిన పగడానికి బ్యాకప్ లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మన చెయ్యి ముందుగా కంట్రోలర్ల మీదికీ, సెన్సార్ల మీదికీ, ఫోనుకొచ్చే అలర్ట్‌ల మీదికీ పోతుంది. నా దగ్గరా ఉన్నాయి. కాని ట్యాంకును కాపాడేది గొట్టాల అమరికే అని నా నమ్మకం. ఉదాహరణకు కరెంటు పోయిందనుకుందాం. పంపు ఆగుతుంది. పైనున్న నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి సంప్‌లోకి దిగుతాయి. మా ట్యాంకులో ఒక అంగుళం మట్టం దిగితే దాదాపు 5 గాలన్లు కిందికొస్తాయి. అంటే రెండంగుళాలు దిగే అమరికకు సంప్‌లో ఎప్పుడూ 10 గాలన్ల చోటు ఖాళీగా ఉండాలి, గొట్టాల్లో ఉన్న నీళ్ళు అదనం. వెనక్కి రాకుండా వాల్వు పెట్టొచ్చుగా అంటారు. ఆ వాల్వు లోపల నాలుగు నెలలకే సున్నం పేరుకుంటుంది, అది సరిగ్గా మూసుకోవలసిన రోజున మూసుకోదు. పై గొట్టం మూతిని నీటిమట్టానికి కాస్త కిందే ఉంచితే, మట్టం దిగగానే గాలి చొరబడి ప్రవాహం తెగిపోతుంది. ఇందులో చెడిపోయే భాగమే లేదు.

హీటరు కూడా అంతే. దాని థర్మోస్టాట్ చెడిపోవడం తప్పదు; ఏ స్థితిలో చెడిపోతుందన్నదే ప్రశ్న. ఆరిపోయి చెడితే నీళ్ళు నెమ్మదిగా చల్లబడతాయి, చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వెలిగే స్థితిలో అతుక్కుపోతే ట్యాంకంతా ఉడుకుతుంది. అందుకని ఒక పెద్ద హీటరు బదులు 200 వాట్లవి రెండు పెట్టి, వాటి పైన విడిగా ఇంకో థర్మోస్టాట్ పెడతారు. ఒకటి అతుక్కున్నా ఒంటరిగా అంత నీటిని ఉడికించలేదు.

ఆవిరైన నీళ్ళకు బదులు మంచినీళ్ళు పోసే పంపు కథ ఇంకా ఆసక్తికరం. ఉప్పు ఆవిరవదు కాబట్టి పోయవలసింది ఆర్.ఓ. నీళ్ళే. ఫ్లోట్ ఇరుక్కుని పంపు ఆగకపోతే? ఆ పంపును పెద్ద పీపాకు తగిలిస్తే సముద్రం కాస్తా చెరువవుతుంది. 20 లీటర్ల డబ్బాకు తగిలిస్తే మొత్తం దిగిపోయినా, సంప్‌తో కలిపి 550 లీటర్లున్న మా వ్యవస్థలో ఉప్పు 35 నుంచి 34 దగ్గరికి మాత్రమే తగ్గుతుంది. ఎవరికీ ప్రమాదం లేదు. డబ్బా చిన్నదిగా ఉండటమే ఇక్కడ రక్షణ.

ఈ పోసే నీళ్ళలోనే పగడాలకు అన్నం కూడా పెట్టొచ్చు. రాతి పగడాలు కాల్షియం కార్బొనేట్‌తో అస్థిపంజరం కట్టుకుంటాయి, ఆ సరుకు నీళ్ళలోంచే తీసుకుంటాయి. తిరిగి పూడ్చకపోతే కొన్నాళ్ళకు అయిపోతుంది. జర్మన్లు దీనికి కాల్క్‌వాసర్ వాడటం మొదలెట్టారు, ఇప్పుడు అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. పేరు చూసి కంగారు పడనక్కర్లేదు, అది మన సున్నపు తేట! మన వైపు సముద్రపు గుల్లలను కాల్చి గుల్లసున్నం చేస్తారు. ఇక్కడ అదే సున్నాన్ని నీళ్ళలో కలిపి మళ్ళీ పగడంగా మారుస్తున్నాం. (తాంబూలం సున్నం మాత్రం పనికిరాదు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కొనాలి.) నా లెక్కలో రోజుకు 5 లీటర్ల చిక్కటి తేట మా ట్యాంకు క్షారత్వాన్ని సుమారు ఒక డిగ్రీ నిలబెడుతుంది. కాని ఇందాకటి 20 లీటర్ల డబ్బాలో తేట నింపి ఉంటే, ఫ్లోట్ ఇరుక్కున్న రోజున క్షారత్వం ఒక్కసారిగా నాలుగు డిగ్రీలు ఎగిరి, పి.హెచ్. దాంతోపాటు లేస్తుంది. అందుకని ఊరెళ్ళేటప్పుడు డబ్బాలో ఉత్త నీళ్ళే పోస్తాను. వంటసోడా ద్రావణం ఒక సీసాలో, కాల్షియం క్లోరైడ్ మరో సీసాలో పెట్టి, బొట్లు బొట్లుగా పోసే పంపులకు అప్పగిస్తాను.

జీవాలను ఎంచుకునే దగ్గర కాస్త పట్టుదల ఉండాలి. 2003లో వచ్చిన "ఫైండింగ్ నీమో" పుణ్యమా అని అందరికీ తెలిసిన క్లౌన్ చేపలు ఇప్పుడు తొట్లలో పుట్టి పెరిగినవే కావలసినన్ని దొరుకుతాయి. పసుపుపచ్చ టాంగ్ చేపను హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2015లో తొలిసారి తొట్లలో పెంచగలిగారు. సముద్రంలోంచి పట్టినదానికంటే నాలుగు డాలర్లు ఎక్కువైనా వీటినే కొనండి. సయనైడ్ చల్లి చేపలను మత్తులో పట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. పగడాలైతే సముద్రం దాకా పోనక్కర్లేదు, మనవాళ్ళు కరివేపాకు మొక్కలు పంచుకున్నట్టు ఇక్కడి అభిరుచిపరులు ముక్కలు తుంచి పంచుకుంటారు. కొత్త చేపను ఏదైనా సరే ఒక నెల విడి ట్యాంకులో ఉంచాలి. తెల్లమచ్చల రోగానికి మందు రాగి. అదే రాగి రీఫ్‌లో పడితే పగడాలూ రొయ్యలూ పోతాయి. రెండో ట్యాంకు లేనివాడికి వైద్యమే లేదన్నమాట.

ఇక ప్రయాణం. న్యూజెర్సీలో వేసవి మధ్యాహ్నం రెండయితే విజయవాడలో రాత్రి పదకొండున్నర. ఫోను మోగినా అక్కడినుంచి నేను చెయ్యగలిగింది రెండిళ్ళ అవతలి పొరుగాయనను పిలవడమే. వారానికి రెండుసార్లు వచ్చి ఆ 20 లీటర్ల డబ్బా నింపిపెడతారు. మేత ఏ రోజుదారోజు మందుబిళ్ళల పెట్టెల గళ్ళల్లో కొలిచి పెట్టి, మిగతా డబ్బా దాచేస్తాను. ప్రేమకొద్దీ ఎక్కువ వేసేవాళ్ళే ఎక్కువ. కరెంటు పోతే ముందు చచ్చేది ఊపిరాడక చేపలు, కాబట్టి కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ గాలి పంపు ఒకటి వేలాడుతూ ఉంటుంది. మన ఊళ్ళలో ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళు కనపడతాయి కాని, ఇక్కడ దాని అవసరం తుఫాను వచ్చేదాకా ఎవరికీ గుర్తు రాదు.

గోడ మీద ఆయన కోసం ఒకే ఒక కాగితం అంటించాను. దాని మీద పెద్ద అక్షరాలతో ఉన్నది, ఏ రాయినీ చేత్తో బయటికి తియ్యవద్దని. గుండీల్లా ఉండే కొన్ని జోయాంథిడ్ పగడాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రకృతిలో తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. శుభ్రం చేద్దామని ఆ రాళ్ళ మీద వేడినీళ్ళు పోసి, ఆ ఆవిరి పీల్చి కుటుంబమంతా ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా వాటిని నేనూ ముట్టుకోను. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే ఆ జాతినే కొనకపోవడం మంచిది. రంగులు కావాలంటే వేరే పగడాలు బోలెడున్నాయి.